ఈనె ఆరేదాకా

గేటు దగ్గరే సంచి బోర్లించారు.
గడ్డం గీసుకునే బ్లేడు తీసేశారు, బెల్టు తీసేశారు,
కొబ్బరినూనె సీసా మూత విప్పి వాసన కూడా చూశారు.
సెల్‌ఫోను కవర్లో వేసి పైన రాయబోతూ
"పేరు?" అంది నర్సమ్మ.
"పిచ్చయ్య" అన్నా.
"జబ్బు కాదయ్యా, పేరు."
మా ఊళ్ళో ఇంటికొకడుంటాడు పిచ్చయ్య.
ఒంగోల్లో, కొత్తపట్నం రోడ్డు మీద, ఆ మేడ ముందు
నా పేరు మొదటిసారి నాకే బరువైంది.

మొదటి నాలుగు రోజులూ నావి కావు.
చేతులు వాటంతటవే గాల్లో ఆకు అల్లేవి.
గ్లాసు నోటిదాకా వచ్చేలోపు సగం నీళ్ళు చొక్కా తాగేది.
గోడ నిండా లద్దెపురుగులు పాకుతుంటే
తెల్లార్లూ ఏరి ఏరి నలిపా.
పురుగుల్లేవని ఎవరూ వాదించలేదు.
రాత్రి డ్యూటీ ఆయన పక్కన కూర్చుని నాడి పట్టుకుని
"ఇంట్లో ఒక్కపెట్టున మానేసుంటే ప్రాణమే పోయేది" అన్నాడు.
మానకపోయినా పోయేదేగా అన్నా.
నవ్వాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పక్క మంచం కావలి కుర్రాడు, నాయబ్ రసూల్.
రొయ్యల చెరువుల మీద మేత లెక్కలు రాసేవాడంట.
చుక్క ముట్టడు.
ఆరు రాత్రులు కన్ను మూయక, ఏరియేటర్ల హోరులో
ఎవరో పిలుస్తున్నారని చెరువులోకి దిగాడంట.
నాకు సీసా, అతనికి గొంతులు.
ఒకే తాళం, ఒకే చారు,
పొద్దున్నే ఒకే వరసలో మాత్రలు, మింగి నాలిక ఎత్తి చూపించాలి.
నేనింకా ఇతనికంటే నయం అనుకున్నా.
అతనూ అట్టాగే అనుకున్నాడంట.

"ఏం పని చేసేవాడివి?" డాక్టరమ్మ అడిగింది.
బ్యారన్ కాల్చేవాణ్ణి, టంగుటూరు దగ్గర.
"ఎట్టా కాలుస్తారు?"
పచ్చాకుని ఒక్కసారే మంటకి అప్పజెప్పకూడదమ్మా.
ముందు సన్నసెగ, రంగు తేలేదాకా.
తర్వాత ఆకు ఆరాలి. ఆఖర్న ఈనె.
ఈనెలో తడుండగా దించితే మండె మొత్తం బూజు పడుద్ది.
ఆమెకి భలే నచ్చింది. సాయంత్రం అందరి ముందూ చెప్పించింది.
"తొంభై రోజులెందుకో తెలిసిందా ఇప్పుడు?"
నాకు సిగ్గేసింది.
నేను కాల్చిందీ ఇంకొకడి వ్యసనమే గదమ్మా, అనలేదు.
ఆకు తిరిగి చేనుకి పోదు, నేను పోవాలి. అదీ అనలేదు.

బ్యారన్ తగలబడ్డకాణ్ణుంచే తాగుతున్నా.
పదేళ్ళు అందరికీ అదే చెప్పా.
నలభయ్యో రోజున, ఎవరూ అడక్కుండానే,
చెప్పులు చూసుకుంటా చెప్పా:
ఆ రాత్రి ముందే తాగున్నా.
కర్ర జారి గొట్టం మీద పడ్డ చప్పుడు విన్నా.
లేవలేదు.
గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు.
నాయబ్ మాత్రం తన నీళ్ళ గ్లాసు ఇటు జరిపాడు.

తాగుడు కింద దిగులుందంది డాక్టరమ్మ.
దానికో మాత్ర, రాత్రిపూట, బువ్వ తిన్నాక.
దిగులుకి మాత్రుంటదని మా నాయనకి ఎవరూ చెప్పలేదు.

ఆదివారాలు గ్రేడింగు మానుకుని రత్తమ్మ వచ్చేది,
వేళ్ళకి పొగాకు జిగట, డబ్బాలో పులిబొంగరాలు.
మొదటి ఆదివారం అరిచా, నన్ను తాళంలో పెట్టించింది నువ్వేనని.
రెండోది రాలేదు.
మూడోది వచ్చింది. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు,
ఉప్పుగాలికి డబ్బా మూత ఎగిరిపోతే
ఇద్దరం లేచి పరిగెత్తాం.

తొంభై ఒకటో రోజు బస్సు దిగా.
స్టాండుకెదురుగా మందుషాపు, దాని లైటు, దాని జనం,
అంతా నేను వదిలిన చోటే ఉంది.
జేబులో ఫోను నంబరు రాసిన చీటీ.
తడిమా. నడిచా.

గడప దగ్గర రత్తమ్మ మొహం దగ్గరికి తెచ్చి
నా ఊపిరి వాసన చూసింది.
చర్రున కోపం వచ్చింది.
నేనూ అంతేగా మరి, ఎంత బంగారు రంగు తేలినా
ఏనాడన్నా నమ్మానా,
ఒక ఈనె పుటుక్కున విరిచి చూసేదాకా.